గ్లోరీ వెంట ఎలీషా

రాజాంలో ఎలీషా అంటే మిల్లు ఎలీషా అనేవారు. ఊరి బయట జనపనార మిల్లులో పదిహేడేళ్లుగా కరెంటు పనులన్నీ అతని చేతిమీదుగా నడిచాయి. మోటారు కాలినా, ప్యానెల్ బోర్డు పొగలు కక్కినా ముందు అతని పేరే తలచుకునేవారు. డిప్లొమాతో చేరి, ఉద్యోగం చేస్తూనే పరీక్షలు కట్టి ఇంజినీరైన మనిషి. వయసు నలభై మూడు.

అతనికి ఎనిమిదేళ్లుగా ఒకటే కోరిక. పెళ్లాం పిల్లతో ఆస్ట్రేలియా వెళ్లి అక్కడే స్థిరపడాలి. ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ వ్యాసం దగ్గర అర మార్కు తగ్గింది. మిల్లువాళ్లిచ్చిన అనుభవ పత్రంలో 'సూపర్‌వైజరు' అని ఉంది గనక ఇంజినీరుగా ఒప్పుకోబోమని అక్కడినుంచి ఒకసారి కాగితాలు తిరిగొచ్చాయి. అయినా వదల్లేదు. షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, ముందుగదిలో ఇంగ్లీషు సంభాషణల రికార్డులు పెట్టుకుని కూర్చునేవాడు.

అతని భార్య గ్లోరీ మేనమామ కూతురే. కళింగపట్నం పిల్ల. రాజాంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పదిహేనేళ్లుగా నర్సు. అతను రికార్డు పెడితే ఆమె వంటింట్లో చేపలు తోముకుంటూ వినేది. ఒక్కోసారి అతనికంటే ముందే జవాబు చెప్పేసేది.

"రైలు కాదు బావా, బస్సన్నాడు."

"నీకెందుకే మజ్జిలో!" అని విసుక్కునేవాడు. తర్వాత చూసుకుంటే బస్సే అయ్యేది.

చివరి ప్రయత్నంగా ఇద్దరూ కలిసి విశాఖపట్నంలో వీసా కాగితాలు చూసే పృథ్వీరాజ్ ఆఫీసుకి వెళ్లారు. అతను ఎలీషా ఫైలంతా తిరగేసి, "సార్, మీ వయసుకి పాయింట్లు బాగా తగ్గిపోయాయి. ఇక కష్టం" అన్నాడు. ఫైలు మూయబోతూ, మాటవరసకి అడిగినట్టు, "మేడం ఏం చేస్తుంటారు?" అన్నాడు.

"నర్సు" అన్నాడు ఎలీషా, ఆమె తరఫున.

"ఎన్నేళ్లు?"

"పదిహేను. ఐసీయూలో" అంది గ్లోరీ. ఆమెకి అప్పుడు ముప్పై ఏడు.

పృథ్వీరాజ్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "ఈ మాట ముందే చెప్పలేదేంటి సార్!" అన్నాడు గానీ ఎలీషా వైపు చూడలేదు. అక్కడినుంచి అరగంట సేపు అతను మాట్లాడిందంతా గ్లోరీతోనే. కొత్త ఫారం తీసి పైకి చదువుతూ నింపాడు. ప్రధాన దరఖాస్తుదారు, గ్లోరీ. ఆమె మీద ఆధారపడినవారు, ఎలీషా, కూతురు. చూపించిన చోటల్లా ఎలీషా సంతకం పెట్టాడు.

తిరుగు బస్సులో గ్లోరీ అడిగింది, "నీకిష్టమేనా బావా?"

"ఇష్టం కాకపోడమేటి" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. చీపురుపల్లి దాటేసరికి అతనికొక ధైర్యం చిక్కింది. గ్లోరీ కూడా ముందు ఆ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి, అది ఎవరికీ ఒక్కసారికి రాదు. ఆ ఆలోచనతో తన మనసు తేలికపడిన సంగతి అతను గమనించుకోలేదు.

గ్లోరీకి ఒక్కసారికే వచ్చింది. కావలసినదానికంటే ఎక్కువే వచ్చింది.

ఆసుపత్రిలో మేట్రన్ రాజకుమారి ఆమెకి శాలువా కప్పింది. ఆదివారం చర్చిలో పాస్టరు ఏసుదానం ప్రసంగం ఆపి మరీ, "మన గ్లోరీ సిస్టరు గురించి ప్రార్థన చేద్దాం. ఆమెతోపాటు వాళ్లాయన కూడా వెళ్తున్నారు" అన్నాడు. ఎలీషా తల వంచుకుని కళ్లు మూసుకున్నాడు గానీ ప్రార్థన లోపలికి ఎక్కలేదు. వాళ్లాయన. ఈ చర్చికి వైరింగు చేసింది ఎవరు? పాస్టరుగారి చేతిలో ఆ మైకు ఇవాళ పలుకుతోందంటే ఎవరి పుణ్యం? అక్కడ పేరులేనివాడు తానొక్కడే అనిపించింది.

ఆ రోజునుంచి అతనిలో ఏదో పులిసింది. చూడ్డానికొచ్చినవాళ్లతో "అంతా నా పుస్తకాల్తోనే సదివింది" అని, అడక్కపోయినా చెప్పేవాడు. ఆమె ఇంగ్లీషులో ఒక మాట అంటే ఉచ్చారణ దిద్దేవాడు. ఆమె నర్సింగు పరీక్షకి చదువుకుంటుంటే టీవీ గొంతు పెంచేవాడు, కాసేపటికి తనకే సిగ్గేసి రెండు గీతలు తగ్గించేవాడు. చారులో ఉప్పు తగ్గిందనేవాడు. ఆమె ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టి మళ్లీ పుస్తకం దగ్గరకి పోయేది. ఆ నిబ్బరం చూస్తే అతనికి ఇంకా మండేది. తాను ప్రతిసారీ ఫలితాల ముందు అన్నం మానేసేవాడు. ఈమె మాత్రం తిని, పని చేసుకుని, హాయిగా పడుకునేది.

నర్సింగు పరీక్ష కూడా గట్టెక్కింది. అక్కడ ఒక చిన్న ఊరి ఆసుపత్రివాళ్లు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. మన ఉదయం తొమ్మిదిన్నర. కూతురు బడికి వెళ్లిపోయింది. ఎలీషాకి ఆరోజు మధ్యాహ్నం షిఫ్టు. గ్లోరీ ఇస్త్రీ చీర కట్టుకుని ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంటే, అతను వెనక వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

మాటలన్నీ వినబడుతున్నాయి. వాళ్లు అడుగుతున్నారు, ఆమె చెబుతోంది. ఎక్కడా తడబడ్డంలేదు. గుండె ఆగిన రోగి దగ్గర ముందు ఏం చేస్తావంటే గడగడా చెప్పింది. అవతల ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. గ్లోరీ కూడా నవ్వింది. ఆ నవ్వు అతనెప్పుడూ వినలేదు. తనకి తెలియని ఇంట్లో, తనని పిలవని విందులో కూర్చుని నవ్వుతున్నట్టుంది.

మీటరు బోర్డు అతని తల పక్కనే ఉంది. ఎలీషా లేచి మెయిన్ స్విచ్ దించేశాడు.

ఫ్యాను గాలి ఆగింది. ముందుగదిలో వైఫై పెట్టె ఆరిపోయి మాటలు తెగిపోయాయి.

"బావా, కరెంటు పోయింది సూడు!" అని కేకేసి, ఆమె అతని జవాబు కోసం ఆగలేదు. సెల్‌ఫోను తీసుకుని పెరట్లోకి పరిగెత్తుకొచ్చి, మునగచెట్టు కింద సిగ్నలు దొరికిన చోట నిలబడి మళ్లీ వాళ్లని అందుకుంది. క్షమించమని, కరెంటు పోయిందని ఇంగ్లీషులో చెప్పింది. "భయం లేదు, మావారు ఎలక్ట్రికల్ ఇంజినీరు. రెండు నిమిషాల్లో సరిచేస్తారు" అని కూడా చెప్పింది.

ఎలీషా చెయ్యి ఇంకా బోర్డు మీదే ఉంది. పక్కింటి పద్మకుమారి మిక్సీలో ఏదో రుబ్బుతోంది. ఆ మోత గోడ దాటి పెరడంతా నిండిపోయింది. అతను స్విచ్ పైకెత్తాడు.

ఉద్యోగం ఇస్తున్నామని వాళ్లు అక్కడికక్కడే చెప్పారు. గ్లోరీ లోపలికెళ్లి చీర మార్చుకుని అన్నం వండింది. షిఫ్టుకి వెళ్లేముందు అతనికి వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"పద్మకుమారి ఒదినింట్లో మిక్సీ ఆగనేదు బావా."

అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"మెయిను నువ్వే దించీసావు. ఎందుకలగ సేసావు?"

ట్రిప్పయిందనొచ్చు, ఫేజు పోయిందనొచ్చు. కరెంటు తెలిసినవాడికి అబద్ధాలకి కొదవ లేదు. ఎలీషా నోటికి ఒక్కటీ రాలేదు.

"కుళ్లు" అన్నాడు. "కుళ్లొచ్చింది."

"నా మీదా?"

"నీ మీదే. ఎనిమిదేళ్లు నాను దేవులాడింది నీకు కూకున్న సోట దొరికీసింది."

గ్లోరీ మొహం ఎర్రబడింది. "కూకున్న సోటా? పదిహేనేళ్లు సచ్చినోల్నీ బతికినోల్నీ ఈ సేతుల్తోటే ఎత్తి దించినాను. నాను కూకున్నదెప్పుడు బావా?"

అతను కంచంలో అన్నం మళ్లీ కలపసాగాడు.

"సూడు, నాను యెల్తాను. నువ్వొస్తే ముగ్గురం. రాకపోతే నానూ పాపా. నీ కోసం మాత్రం మానీను."

'పోన్లే బావా, మానేద్దాం' అంటుందని తాను ఎదురుచూస్తున్నట్టు ఎలీషాకి అప్పుడే తెలిసింది. ఇన్ని నెలలుగా తనకి కావలసింది ఆ ఒక్క మాటే. అది ఈమె నోట ఎన్నటికీ రాదు. కంచంలో అన్నమంతా తిని, చెయ్యి కడుక్కుని మిల్లుకి వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఇద్దరూ కూతురి ద్వారానే మాట్లాడుకున్నారు. నాలుగో రోజు వీసా కోసం వైద్య పరీక్షలకి ముగ్గురూ విశాఖ వెళ్లాలి. గ్లోరీ అతన్ని రమ్మనలేదు. కూతురికి జడ వేస్తుంటే అతను చొక్కా వేసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫైలెక్కడెట్టావు?"

"బీరువాలో" అంది ఆమె, తలెత్తకుండా.

వీసాలొచ్చాక మిల్లులో వీడ్కోలు సభ పెట్టారు. మేనేజరు నరసింగరావు, "పట్టుదలంటే మన ఎలీషాది! అనుకున్నది సాధించాడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దండ మెడలో పడగానే ఎలీషాకి హాయిగా అనిపించింది. ఆ హాయి నిలవలేదు.

"సాధించింది నాను కాదండీ. మా ఆవిడ. ఆవిడెంట నాను యెల్తన్నాను" అన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అతని చెవులు వేడెక్కాయి. ఇంటికి వెళ్లి ఆ సంగతి చెప్పలేదు.

వాళ్లు వెళ్లి ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. అక్కడ లైసెన్సు లేనిదే తీగ ముట్టనివ్వరు. ఎలీషా ఇరవై ఆరేళ్ల కుర్ర ఎలక్ట్రీషియను వెనక నిచ్చెన మోస్తూ, లైసెన్సుకి మొదటినుంచి చదువుతున్నాడు. గ్లోరీ వార్డులో ఇన్‌ఛార్జి అయింది. కారు నడపడం ఇద్దరూ ఒకేసారి మొదలెట్టారు. ఆమె మొదటిసారే పరీక్ష పాసైంది, అతను ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కాడు.

మొన్నొక శనివారం సాయంత్రం అతన్ని పని దగ్గర ఎక్కించుకుని, సరుకుల దుకాణం ముందు రెండు కార్ల మధ్య ఒక్క ఊపులో వెనక్కి తీసి బండి పెట్టిందామె.

"ఏటి బావా, మాటాడవు?"

"కుళ్లుగా ఉన్నాది."

"ఇయాల దేనికి?"

"అలగ ఎనక్కి తీసి పెట్టీసినావు సూడు, దానికి."

గ్లోరీ తాళాలు తీసి అతని ఒళ్లో పడేసింది. "ఇంటికి నువ్వు నడుపు. గేటు కాడ మాత్రం నెమ్మది, పోయిన్సారి గోడకి రాసీసినావు."

"గోడ మాట ఇప్పుడెందుకే!" అన్నాడు ఎలీషా, సంచీలు అందుకుని దిగుతూ.