మగ్గం చప్పుడుకు నడిచిన మల్లేశం

2020 మొదట్లో నన్ను సూరత్‌లోని ఖటోదరా నుంచి జోల్వా పవర్‌లూమ్ షెడ్డుకు మాస్టరుగా మార్చారు. మాస్టరు అంటే మగ్గాలను సరిచేసి, ఏ మనిషిని ఏ మగ్గం దగ్గర నిలబెట్టాలో తేల్చేవాడు. మగ్గాల వేగం లెక్కగట్టడం నాకు ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నాను.

అక్కడి కార్మికుల్లో మల్లేశం కరీంనగర్ దిక్కు మనిషి. పార్కిన్సన్ జబ్బుతో ఎడమచేయి వణికేది. అయినా మగ్గాల వరుసల మధ్య చక్కగా నడిచేవాడు. లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడ్డాక, పక్క గదిలో ఉండే నాకు అతని అసలు నడక కనబడింది. గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోయేవి.

“ఏందయ్యా, కాళ్లకు మేకులు గొట్టిన్రా?” అంటూనే భార్య లచ్చవ్వ అతని రెక్క పట్టుకునేది.

“మగ్గం సప్పుడు లేక కాలు లేస్తలేదే,” అనేవాడు.

ఆ మాట నా మనసులో నిలిచింది. మగ్గం దెబ్బ మనిషి అడుగుకన్నా వేగం. రెండు దెబ్బలకు ఒక అడుగని లెక్కగట్టి, టిఫిన్ డబ్బా మీద చెంచాతో కొట్టాను. అతను కదిలాడు. రోజూ పొద్దున వరండాలో అదే మా కసరత్తు.

లచ్చవ్వ వైద్యం వేరు. ప్రోటీన్ పొడిని పాలలో కలిపి, ఆ పాలతోనే జబ్బుకిచ్చిన గోళీ మింగించేది. “తాకత్ రావాలె గద!” అనేది. మనిషి ఇంకా బిగుసుకుపోతుంటే డాక్టరుకు ఫోన్ చేయించాను. ప్రోటీన్ ఈ గోళీకి అడ్డుపడుతుందని, తిండికి అరగంట ముందు ఉత్త నీళ్లతో వేసుకోవాలని, పొడితో జబ్బు తగ్గదని ఆయన చెప్పారు. అలా మార్చాక ఒళ్లు కొంత తేలికపడింది.

షెడ్డు తెరిచారు. మల్లేశానికి తన మగ్గాలే కావాలి. “సూడు మాస్టరూ, పోరగాని లెక్క నడుస్తున్న!” అంటూ వరుసంతా తిరిగి చూపించాడు. నిజంగానే నడిచాడు. అంతలో కరెంటు పోయి, మగ్గాల చప్పుడు ఆగింది. మగ్గం స్విచ్ ఆపకుండానే తెగిన పోగు అతకడానికి లోపలికి చేయి పెట్టిన మల్లేశం, వంగినవాడు వంగినట్టే బిగుసుకుపోయాడు. కరెంటు తిరిగివస్తే ఆ చేయి దక్కదు. మెయిన్ స్విచ్ ఆపి, అతన్ని మెల్లగా బయటికి తెచ్చాను.

మర్నాటి నుంచి నేసిన బట్టలో తప్పులు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. “నన్ను ముసలోన్ని జేసినవ్,” అని చాలా రోజులు నాతో చాయ్ తాగలేదు.

“గా కోపం నీ మీద గాదన్నా, కాళ్ల మీద,” అంది లచ్చవ్వ.

నేను పని మానేసే వరకూ, యంత్రం నడుస్తుండగా మనిషి ఎలా ఉన్నాడో చూసి మళ్లీ ఎవరికీ మగ్గం అప్పగించలేదు. అది ఆగినప్పుడు ఎలా ఉంటాడో చూసి అప్పగించాను.