ఐలాండర్ల లైన్లో

మా అన్నయ్య, వదిన పోయిన నెల విశాఖపట్నం నుంచి వచ్చారు. మా దీవులు చూడ్డానికి అన్నారు కానీ, వచ్చింది నన్ను తీసుకుపోవడానికి. టీచరుగా రిటైరయ్యాను, మా ఆయన పోయి మూడేళ్లయింది, కాబట్టి వాళ్ల లెక్కలో నాకిక ఇక్కడ పని లేదు. అన్నయ్య రెండో ఫ్లాటు ఖాళీగా ఉంది. అది నాకట.

అంతకుముందే ఇద్దరూ వెనిస్ చూసొచ్చారు. ప్రోతరాపూర్‌లో మా ఇంట్లో కాలు పెట్టిన పది నిమిషాలకే ఫోన్లో ఫొటోలు మొదలయ్యాయి. రోడ్ల బదులు కాలవలట, కార్ల బదులు పడవలట, పక్కన ఒక దీవిలో గాజు సామాను ఊదుతారట, ఇంకో దీవిలో ఒక్కో ఇంటికి ఒక్కో రంగట. ఒక సన్నటి కాలవ మీద, ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తాడు కట్టి ఎవరో బట్టలారేశారు. వదిన ఆ ఫొటో పెద్దది చేసి మరీ చూపించింది. బాగానే ఉంది. రెండు దుప్పట్లు, ఒక నైటీ.

మర్నాటి నుంచి నేను తిప్పాను. సెల్యులార్ జైల్లో ఊచలు పట్టుకుని అన్నయ్య, "ముప్పై ఏళ్లు ఎలా ఉన్నావమ్మా ఇక్కడ?" అన్నాడు. జైల్లో నిలబడి అడగాల్సిన ప్రశ్నేనా అది? రాస్ దీవిలో కూలిన గోడల్ని వేళ్లతో పట్టేసిన చెట్లని చూసి, వెనిస్‌లో అయితే బాగుచేసి పెడతారన్నాడు. ఆటోలో, గోల్ ఘర్ షాపుల్లో, ఆఖరికి మా చర్చిలో నా పెళ్లి చూసినవాళ్లతో కూడా అన్నయ్యది ఒకటే మాట: "మా చెల్లెలు ఇక్కడ పోస్టింగులో ఉంది."

మూడో రోజు హేవ్‌లాక్ దీవికి షిప్పు. జెట్టీలో ఇక్కడే స్థిరపడ్డ మా ఐలాండర్లకొక లైను, టూరిస్టులకొక లైను. వదినని నీడలో కూర్చోబెట్టి వచ్చేసరికి అన్నయ్య మూడు టికెట్లు తీసేశాడు. మూడూ టూరిస్టువే.

"నాదెందుకు తీశావు?"

"మనమంతా ఒక చోటివాళ్లమే కదమ్మా. నువ్వేదో పోస్టింగులో ఉన్నంత మాత్రాన..."

"ఏ పోస్టింగు అన్నయ్యా? రిటైరయ్యాను కదా! పిల్లల్ని ఇక్కడే కన్నాను. మా ఆయన్ని ఈ మట్టిలోనే పెట్టాను. ఇంకా పోస్టింగేంటి?"

జెట్టీ అంతా తిరిగి చూసింది. నాకేమీ సిగ్గనిపించలేదు. ఆ టికెట్టు వెనక్కిచ్చెయ్యమని చెప్పి, వెళ్లి మా లైన్లో ఆఖరున నిలబడ్డాను. ముందు ఇరవై మంది, నెత్తిన ఎండ. నా వంతు వచ్చాక, "కార్డ్, దీదీ" అన్నాడు కౌంటర్లో అతను. ఐలాండర్ కార్డు తీసి ఠక్కున పెట్టాను.

షిప్పు కదిలింది. అన్నయ్య వైపు తిరిగి అన్నాను.

"వెనిస్‌లో బట్టలారేసుకున్నావిడ ఉంది చూడు. ఇంటికెప్పుడు వెళ్తావమ్మా అని ఆవిడ్ని అడిగావా?"

వదిన నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

"ఆవిడ అక్కడి మనిషే కదా" అన్నాడు అన్నయ్య.

నా ఐలాండర్ కార్డు తీసి అన్నయ్య ఒళ్లో పెట్టాను. అది చూసి అన్నయ్య నెమ్మదిగా, "అయితే ఆ ఫ్లాటు?" అన్నాడు.

"అద్దెకిచ్చెయ్. మీ ఊరికి పోస్టింగు మీద వచ్చేవాళ్లెవరైనా ఉంటారు."