కోడిని వెంటేసుకుని కిన్నెరసానికి

మా బావ జూలూరుపాడు బడిలో డ్రాయింగ్ మాస్టారు. పిల్లల చేత కుండ, మామిడిపండు, జెండా గీయించడం ఆయన ఉద్యోగం. తన జీవితమంతా ఆ కుండకూ మామిడిపండుకూ మధ్యనే గడిచిపోతున్నదనే దిగులు ఆయనకు ప్రతి వేసవిలోనూ వచ్చేది, సెలవులు అయిపోగానే పోయేది. ఎనభైల మొదట్లో ఒక ఏడాది మాత్రం ఆ దిగులు ముదిరి సైకిల్ మీదికి మళ్ళింది.

నేనప్పుడు ఖమ్మంలో డిగ్రీ ముగించి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందన్న ధీమాతో అక్క ఇంట్లో మకాం పెట్టాను. వేళకు తినడం తప్ప వేరే బాధ్యత లేదు. అందువల్ల బావ ఏ సాహసం తలపెట్టినా అందులో రెండో వీరుణ్ణి నేనే.

ఈసారి సాహసం ఇది. తెల్లవారుతుండగా బయలుదేరి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా కిన్నెరసాని డ్యాముకు పోవాలి. అక్కడి నుంచి కొండల మధ్య బండ్ల బాట పట్టి, చెరువులు చూసుకుంటూ, టేకులపల్లిలో తేలి, చీకటి పడేలోపు జూలూరుపాడు చేరాలి. అంతా సైకిళ్ళ మీద, ఒక్క రోజులో. కూరగాయలకు పంపితే చెయిన్ పడిపోయిందని సగం దారిలోంచి తిరిగొచ్చే మనిషి ఈయన. ఆ సంగతి అక్క గుర్తు చేస్తే, "అది చిన్న పని, మనసు పెట్టలే" అన్నాడు.

ముందు పటం తయారైంది. పెద్ద డ్రాయింగ్ షీటు మీద కొండలకు గోధుమ రంగు, అడవికి ఆకుపచ్చ, నీళ్ళకు నీలం. చాలా బాగుంది. దారి పొడుగునా చెరువులే చెరువులు.

"ఈడ చెరువున్నదా బావా?" అని ఒకచోట వేలు పెట్టి అడిగాను.

"ఉంటది తియ్. అంత జాగ ఖాళీగ ఇడిస్తె బొమ్మ బాగుండదు."

మంచినీళ్ళ కోసం ఆ చెరువునే నమ్ముకోవాల్సినవాణ్ణి కాబట్టి నాకు కొంచెం భయం వేసింది.

తర్వాత చర్చ మొదలైంది. ముందు డ్యాముకు పోయి అడవి గుండా రావాలా, ముందు అడవి దాటి డ్యాముకు పోవాలా? కొండలు పొద్దున్నే ఎక్కాలా, కాళ్ళు వేడెక్కాక ఎక్కాలా? ఎండ ముఖాన కొట్టాలా, వీపున కొట్టాలా? చాయ్ హోటల్లో ఈ చర్చ వారాల తరబడి సాగింది. అక్కడ కూర్చునేవాళ్ళలో ఆ దారిన సైకిల్ తొక్కినవాడు ఒక్కడూ లేడు. అందుకే ఎవరి అభిప్రాయమూ కొంచెమైనా సడలలేదు.

ఇక సాధన. బావ పొద్దున రాగిజావ తాగి ఊరి వెనక గుట్ట ఎక్కేవాడు, సాయంత్రం కాళ్ళకు నువ్వులనూనె పట్టించేవాడు. అడవిలో పంక్చరైతే దిక్కెవరని సొల్యూషనూ రబ్బరు ముక్కలూ తెచ్చి, సాధన కోసం తన ట్యూబుకు తనే సూదితో బెజ్జం పొడిచాడు. ఆ బెజ్జం మధ్యాహ్నం దాకా పూడలేదు. చివరికి సైకిల్ నడిపించుకుంటూ పంక్చర్ షాపుకు పోయాడు. "తప్పు మనది కాదు, సొల్యూషన్ పాతది" అని వచ్చాక ప్రకటించాడు.

ఇంత రహస్యంగా సాగుతున్న పథకం ఊరంతా పాకింది. "ఎట్లాగూ అటే పోతున్నరు గదా సారూ" అంటూ జనం రావడం మొదలుపెట్టారు. పాల్వంచలో చెల్లెలికి ఆవకాయ జాడీ ఇవ్వమని ఒకరు, కొత్తగూడెంలో పెళ్ళికార్డులు పంచమని ఇంకొకరు. బావ ఎవరినీ కాదనలేదు. తన యాత్రను గుర్తించిన ప్రజలను ఎలా కాదంటాడు?

బయలుదేరే ముందురోజు సాయంత్రం పక్కింటి పెద్దమ్మ వచ్చింది. వీధి వైపు ఒకసారి చూసుకుని, కొంగు చాటు నుంచి ఒక కోడిపెట్టను తీసింది.

"డ్యాము కాడికి పోతున్నరంట గదా సారూ?"

"అవ్ పెద్దమ్మా."

"ఆడ క్వార్టర్లల్ల నా బిడ్డ ఉంటది. గీ కోడి ఇచ్చి రాండ్రి. ఎవరిచ్చిన్రో చెప్పకుర్రి. దానికే తెలుస్తది."

ఆమె కూతురు సంగతి మా అందరికీ తెలుసు. డ్యాము దగ్గర పనిచేసే ఒక క్రైస్తవ యువకుణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఆ రోజు నుంచి పెద్దయ్య తన ఇంట్లో ఆ పిల్ల పేరెత్తనివ్వలేదు. మనవరాలు పుట్టిందని తెలిసినా పెద్దమ్మను కదలనివ్వలేదు.

బావ పటం వైపు చూశాడు. అందులో కోడికి చోటు లేదు. "పెద్దమ్మా, ఇది మస్తు కష్టమైన ప్రయాణం, కొండలు..." అని మొదలుపెట్టాడు. పెద్దమ్మ కోడి వీపు నిమురుతూ నిలబడింది. బావ గొంతు సవరించుకుని, "సరే, మా బామ్మర్ది పట్టుకొస్తడు" అన్నాడు. త్యాగాలన్నీ నా వంతుకు రావడం ఆ ఇంట్లో మామూలే.

అలా కిరాయి సైకిల్ వెనక గంపలో కోడితో నా సాహసయాత్ర మొదలైంది. మొదటి ఎత్తు రాగానే బావ దిగి సైకిల్ నడిపించాడు. "నడిపించుడు గూడ సైకిల్ ప్రయాణమే" అన్నాడు. కొత్తగూడెంలో కార్డులు పంచిన ప్రతి ఇంట్లో చాయ్ ఇచ్చారు. పాల్వంచలో ఆవకాయ చెల్లెలు అన్నం తినకపోతే ఊరుకోనంది. రాగిజావతో సన్నబడ్డ బావ అక్కడ మళ్ళీ మామూలు మనిషయ్యాడు. అక్కడి నుంచి ప్రతి చిన్న ఎత్తూ మాకు కొండే.

డ్యాము చేరేసరికి ఎండ నెత్తినెక్కింది. కట్ట మీదికి ఎక్కి చూస్తే అంతా నీళ్ళు, వాటి చుట్టూ కొండలు, నీళ్ళ మధ్యలో మునగకుండా మిగిలిన కొండ తలలు. "నేనేసిన నీలం తప్పురా" అన్నాడు బావ, మెల్లగా. నా వెనక కోడి అరిచింది. క్వార్టర్ల వైపు నడిచాం.

తలుపు తీసిన అమ్మాయి ముందు మమ్మల్ని చూసింది, తర్వాత గంపలోకి చూసింది. కోడి కాళ్ళకు కట్టిన గుడ్డపీలికను పట్టుకుని, "ఇది మా అమ్మ చీర" అంది. అని గడప మీదే కూలబడింది. లోపలి నుంచి మూడేళ్ళ పిల్ల పరుగెత్తుకొచ్చి కోడి తోక పట్టుకుంది.

భర్త డ్యూటీ దిగి వచ్చాడు. మేమెవరమో చెప్పాం. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది.

"నేను పోతా. ఇయ్యాల్నే పోతా."

"మీ నాయన ఊకుంటడా?" అన్నాడు అతను.

"ఊకోడు, తిడ్తడు. తిట్టనీ. ఆయన గొంతు ఇనక ఎన్నేండ్లాయె."

అతను బావ వైపు చూశాడు. బావ జేబులోంచి పటం తీశాడు. ఇన్ని వారాలుగా కలలు కన్న బండ్ల బాట, చెరువులు, కొండలు అన్నీ ఇంకా ముందే ఉన్నాయి. ఒకసారి చూసి మడిచాడు. "టేకులపల్లి యాడికి పోతది? ఆన్నే ఉంటది. పదుండ్రి" అన్నాడు. ఆయన సర్వీసులో నేను చూసిన అతి తొందర నిర్ణయం అది.

అమ్మాయి తన భర్త సైకిల్ క్యారియర్ మీద కూర్చుంది. బావ సైకిల్ ముందు కడ్డీకి తువ్వాల చుట్టి పిల్లను ఎక్కించుకున్నాడు. పిల్ల కోడిని వదలనంది. అందుకని అది మళ్ళీ నా గంపలోకే వచ్చింది. పాల్వంచలో సైకిళ్ళు బస్సు మీదికెక్కించాం. కండక్టర్ సణుగుతూనే, పిల్లకు కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

జూలూరుపాడులో దిగేసరికి ఇళ్ళల్లో దీపాలు పెడుతున్నారు. పెద్దయ్య ముంగిట్లో మంచం నులక బిగిస్తున్నాడు. అమ్మాయి దడి దగ్గర ఆగిపోయింది, ఆమె వెనక భర్త. మేమిద్దరం ఆ భర్త వెనక. ధైర్యం చేసి మాలో ఎవరూ ముందుకు పోలేదు. పిల్ల మాత్రం నా చేత గంప దింపించి, కోడి కాళ్ళ పీలిక విప్పించి, దాన్ని వదిలింది. అది చరచరా నడిచి తన గూటి ముందు నిలబడింది.

పెద్దయ్య కోడిని చూశాడు, గుమ్మంలో కొయ్యబారిన పెద్దమ్మను చూశాడు.

"పొద్దటి సంది దీన్నే దేవులాడుతున్న. నక్క ఎత్తుకపొయ్యిందంటివి గదనే?"

ఆయన చూపు పిల్ల మీదికి మళ్ళింది.

"ఏందే, నక్కవు నువ్వేనా?"

"కోడి నాది" అంది పిల్ల.

"నీదా? మరి నిలబడ్డవేంది? చీకటైతున్నది, గూట్ల వెట్టు."

గూటి తలుపు తీయడానికి పిల్లకు చెయ్యి అందలేదు. పెద్దయ్య నులక వదిలి లేచాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న పెద్దమ్మ పరుగెత్తి వెళ్ళి కూతురిని పట్టుకుంది.

ఆ సాయంత్రం పెద్దయ్య కూతురిని తిట్టిన తిట్లు మా ఇంటికి వినపడ్డాయి. ఇన్నేళ్ళ బాకీ ఒక్క పూటలో తీర్చాలని ఆయన పట్టుదల. ఆమె అన్నం తింటూ అన్నీ విన్నది. అల్లుడికి ఆలస్యంగానైనా కంచం పెట్టారు.

బావ కాళ్ళు బారజాపి పడుకుని, యాత్ర జయప్రదమైందన్నాడు. సగమే తిరిగాం కదా అంటే, మిగతా సగం దగ్గరి ఊళ్ళే కాబట్టి తెలిసినదేనన్నాడు. బడి తెరిచాక స్టాఫ్ రూములో ఆ సగం కూడా తిరిగేసినట్టే చెప్పాడని తర్వాత తెలిసింది. నేను ఖండించలేదు. అక్క వంట బాగుండేది.

ఆ పిల్ల ప్రతి వేసవికీ తాత ఇంటికి వచ్చేది. ఆదివారం చర్చికి తీసుకుపొమ్మని ప్రాణం తీస్తే, పెద్దయ్యే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. పిల్లను లోపలికి పంపి తను మెట్ల మీద కూర్చుని చుట్ట వెలిగించేవాడు. లోపలికి రమ్మని ఎవరైనా పిలిస్తే, "నాకేం పని? ఇన్ని చెప్పులున్నయి, చూసేటోడు ఉండొద్దా?" అనేవాడు.