మా తమ్ముడి మంచితనం, మా వదిన వరిచేను

మా తమ్ముడు మంచివాడు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. విసుగల్లా, ఆ మాట ఎవరో ఒకరు రోజూ నాకు వినిపించడం. బందరులో కూరగాయలకి వెళ్తే వంకాయలు తూస్తూ అంటారు. గుడివాడలో పెళ్ళికి వెళ్తే పక్క కుర్చీలో కూర్చుని మరీ అంటారు. "మీ తమ్ముడుగారిలాంటి వాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ!" రిటైరయ్యేదాకా నేను ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఆ పాఠాలు ఎవరికీ గుర్తు లేవు. వాడి అక్కనని మాత్రం ఊరంతటికీ గుర్తుంది.

వాడు మా పిన్ని కొడుకు. గుడివాడ పక్క పల్లెలో, అమ్మమ్మగారింట్లో కలిసి పెరిగాం. రొయ్యల మేత ఏజెన్సీతో మొదలుపెట్టాడు. తర్వాత మేత ఫ్యాక్టరీ వచ్చింది. ఐసు ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, సముద్రం పక్క ఊళ్ళలో చెరువులు, హైదరాబాదులో భవనాలు, నాకు అర్థంకాని వాటాలు ఇంకేవో. ఎంత ఉందిరా అంటే, తనకే తెలియదనీ ఆడిటర్లకి తెలుసనీ అంటాడు. అది గొప్పకి చెప్పడం కాదు, నిజంగానే తెలియదు. తాగడు, పేకాడడు. షుగరు మూలాన పెరుగన్నం రెండు ముద్దలు తిని లేస్తాడు. పనివాళ్ళని కూడా "అండీ" అంటాడు.

"నేనెవరి కడుపూ కొట్టలేదక్కా. ఎవడి పొలమూ లాక్కోలేదు. పన్ను ఎగ్గొట్టలేదు. మరి నాకింత ఉండటం తప్పెలా అవుతుంది? ఒక్క తప్పు చూపించు" అని నన్ను ఎన్నోసార్లు నిలదీశాడు. చూపించలేకపోయేదాన్ని. ఏదో తప్పుందని మనసుకి తెలుస్తూ, వేలు పెట్టి చూపించలేకపోతే ఎంత చిరాకుగా ఉంటుందో వాదన ఓడిపోయినవాళ్ళకే తెలుస్తుంది.

మా ఆయనకి గుండెనొప్పి వచ్చినప్పుడు విజయవాడ ఆసుపత్రిలో మంచాలు లేవన్నారు. వాడొక ఫోను చేశాడు. కాసేపట్లో మంచం వచ్చింది, పెద్ద డాక్టరూ వచ్చాడు. మా ఆయన బతికి ఇంటికొచ్చాడు. ఆ మంచం ఎవరికి వెళ్ళాల్సిందో అన్న ఆలోచన నాకు తర్వాత ఎప్పుడో వచ్చింది. చెబితే మా ఆయన, "నన్ను మళ్ళీ తీసుకెళ్ళి తిరిగిచ్చెయ్యమంటావా?" అన్నాడు.

మా ఆయన అక్క, అంటే మా వదిన, దివిసీమలో నాగాయలంక అవతల ఉంటుంది. ఆవిడ భర్త, మా అన్నయ్యగారు, పోయారు, పిల్లలు లేరు. ఎకరన్నర వరిచేనూ, ఒక గేదే, చచ్చేంత నోరూ ఆవిడ ఆస్తి. ఒకప్పుడు ఆ చేను చుట్టూ వరే. ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు, నీళ్ళని గిలక్కొట్టే ఏరియేటర్ల చప్పుడు. ఆ చెరువుల్లో ఎక్కువ భాగం మా తమ్ముడి కంపెనీవే. ఎవర్నీ బెదిరించలేదు. వరి మీద కలలో కూడా రానంత కౌలు ఇస్తానన్నాడు, ఇచ్చాడు. జనం నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. మా వదిన పెట్టలేదు.

"నాకు అన్నంలోకి బియ్యం కావాలి. రొయ్యలు నాకు పడవు, ఒళ్ళంతా దద్దుర్లు" అంది. అంతకు మించి ఆవిడకి సిద్ధాంతమేమీ లేదు.

రెండు పంటలు తిరిగేసరికి ఉప్పు వచ్చింది. చెరువుల నీళ్ళు గట్ల కింద నుంచి ఊటగా ఆవిడ మళ్ళలోకి దిగాయి. పైరు కొసలు ఎర్రబారి, మాడి, గట్టు వారనంతా బోసిపోయింది. ఊళ్ళో చేతిపంపు నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోయేవి. వదిన ఫోను చేసి, "మీ తమ్ముడికి చెప్పవే" అంది. చెప్పాను. వాడు మేనేజర్ని పంపకుండా, నన్ను కారులో ఎక్కించుకుని తనే వచ్చాడు. అదీ వాడి మంచితనమే. చల్లపల్లి దాటి పులిగడ్డ వారధి ఎక్కేదాకా, తన దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లల చదువుల గురించి చెబుతూనే ఉన్నాడు.

చేను గట్టు మీద నిలబడి వాడు చాలా మర్యాదగా అడిగాడు.

"వదినగారూ, ఈ ముక్క కూడా నాకిచ్చెయ్యండి. మీరు ఎంతంటే అంత. ఇంకోచోట దీనికి రెట్టింపు కొనిపెడతాను."

"నేనడిగింది అది కాదు కదా అబ్బాయ్. మీ చెరువు నీళ్ళు నా చేలోకి రాకుండా చూడమన్నాను."

"అలా రాకూడదంటే ఈ తూర్పు పక్క చెరువు ఎండగట్టాలండీ."

"ఎండగట్టు."

వాడు నవ్వాడు. వెక్కిరింపుగా కాదు, చిన్నపిల్ల చందమామని అడిగితే నవ్వినట్టు. నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పక్కా. అది నా ఒక్కడి చేతిలో ఉందా? పార్టనర్లుంటారు, బ్యాంకులుంటాయి. ఇక్కడొకటి వదిలితే రేపు ప్రతి ఊరివాళ్ళూ అడుగుతారు."

తిరిగొస్తూ అడిగాను. "ఒరేయ్, ఊరూరా గుళ్ళు కట్టిస్తావు, బడులకి బెంచీలిస్తావు. వాటికి పార్టనర్లని అడిగే ఇచ్చావా?"

"అవి వేరక్కా. అవి దానం. ఇది బిజినెస్."

ఇంత ఆస్తి ఉండీ ఒక్క చెరువు వదిలే స్వతంత్రం లేదంటే, మరి ఈ డబ్బు ఎవరిదిరా అని నా నోటిదాకా వచ్చింది. వాడప్పటికే ఫోనులో ఉన్నాడు.

కొన్ని నెలలకి వాడు ఆ ఊరికి మంచినీళ్ళ ప్లాంటు కట్టించాడు. ప్రారంభానికి రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు, శాలువాలు, మైకులో పొగడ్తలు. నన్ను బలవంతాన వేదిక మీద కూర్చోబెట్టారు. నీళ్ళు ఉప్పెక్కింది దేనివల్లో అక్కడ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఒక్కరి నోటా ఆ మాట రాలేదు. వాళ్ళకి భయమంటే భయమూ కాదు. కౌలు వీడిదే, చెరువుల మీద కూలి వీడిదే, ఇప్పుడు తాగే నీళ్ళూ వీడివే. ఏ నోటితో అంటారు? మా వదిన ప్లాస్టిక్ క్యాను పట్టుకుని వరసలో నిలబడి, నావైపు చూసి, "నీళ్ళు తియ్యగానే ఉన్నాయే" అని గట్టిగా అరిచింది. మైకు పట్టుకున్నాయన అది పొగడ్తే అనుకుని చప్పట్లు కొట్టించాడు.

ఉప్పు నీటిని శుద్ధి చేస్తే తాగే నీళ్ళు ఒక గొట్టంలో వస్తాయి, మిగిలిన చిక్కటి ఉప్పు నీళ్ళు ఇంకో గొట్టంలో పోతాయి. ఆ రెండో గొట్టాన్ని పక్కనున్న బోదెలోకి వదిలారు. ఆ బోదె నేరుగా వెళ్ళేది మా వదిన చేలోకి. అంతవరకూ తూర్పు గట్టునే మాడిన పైరు ఇప్పుడు నీరు పారే దారంతా మాడింది. వదిన ఫోనులో ఏడవలేదు, తిట్టింది. వాణ్ణి కాదు, నన్ను.

నేను వాడికి చెబితే నిజంగా నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, నాకు తెలియదక్కా" అని మర్నాడే మనుషుల్ని పంపించాడు. వాళ్ళొచ్చి గొట్టాన్ని చకచకా అటు తిప్పారు. అటు అంటే, ఊరి చివర కాలనీవైపు. అక్కడి ఇళ్ళ వెనక పాదులు పెట్టుకున్న ఆడవాళ్ళ బీరపాదులు వారంలో వాలిపోయాయి. వాళ్ళెవరికీ బందరులో మరదలు లేదు, ఆ మరదలికి గుడివాడలో తమ్ముడు లేడు. మా వదినే వాళ్ళని వెంటబెట్టుకుని ప్లాంటు దగ్గర గొడవపడితే, చివరికి గొట్టం మురుగు కాలువదాకా వేశారు. అప్పటికి ఊళ్ళో సగంమంది వదినతో మాట్లాడటం మానేశారు. ధర్మంగా నీళ్ళిస్తుంటే వంకలు పెడుతోందట.

ఇంక ఆగలేక ఒక ఆదివారం గుడివాడ వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది.

"డబ్బున్నవాడు ఏం చేసినా తప్పేనా?" అన్నాడు వాడు, కంచం ముందు నుంచి లేవకుండానే. గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి. "ఇస్తే పేరు కోసమంటారు. ఇవ్వకపోతే పిసినారంటారు. ఏం చెయ్యమంటావు నన్ను?"

"నువ్వు ఇవ్వడం లేదని ఎవరన్నారు? ఇచ్చేదంతా నువ్వనుకున్నదేరా. ఆవిడ అడిగింది ఒక్కటి. అది తప్ప అన్నీ ఇచ్చావు."

"ఆవిడకి నచ్చకపోతే వద్దనొచ్చుగా? ఎవరైనా అనొచ్చు."

"ఆవిడ అంది. ఏమైంది? ఆవిడ వద్దంటే ఆవిడ చేను పోయింది. నువ్వు వద్దంటే నీకు ఏం పోయింది?"

మా మరదలు మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. కాసేపయ్యాక వాడు చిన్న గొంతుతో, "నేను చెడ్డవాణ్ణా అక్కా?" అన్నాడు. "చెడ్డవాడివైతే ఇంత బాధ ఉండేది కాదురా, తిట్టి పోయేదాన్ని" అన్నాను.

తర్వాత వారంలోనే తూర్పు చెరువు ఎండగట్టించాడు. పార్టనర్లూ బ్యాంకులూ అడ్డురాలేదు. అన్నాళ్ళూ వాళ్ళెక్కడ అడ్డొచ్చారో నాకిప్పటికీ తెలియదు.

ఆ ఏడు వానలు బాగా పడి, మట్టిలో ఉప్పు కొంత కడుక్కుపోయి, మా వదినకి సగం పంట వచ్చింది. నేను వెళ్ళేసరికి కళ్ళంలో కూర్చుని వడ్లు దోసిట్లోకి తీసుకుని ఊదుకుంటోంది. మా తమ్ముడు పంపిన ఫొటోల మనిషి కూడా వచ్చాడు. ఖాళీ చెరువు ముందు ఆవిణ్ణి నిలబెట్టి, చేతులు జోడించమన్నాడు. "ఎవరికి జోడించాలి? వానకా?" అని వదిన గేదె పలుపు పుచ్చుకుని ఆ మనిషిని రోడ్డుదాకా తరిమింది. అయినా ఆ చెరువు సంగతి వాడు వెళ్ళిన ప్రతి సభలోనూ చెప్పారు. ఎండగట్టింది ఒక్క చెరువు, శాలువాలు మాత్రం ఇల్లంతా.

అక్కడ, కళ్ళంలో కూర్చున్నప్పుడు, వాడు నన్ను ఇన్నాళ్ళూ చూపించమన్న తప్పు నాకు కొంచెం కనిపించింది. వాడికి దయ కలిగింది కాబట్టి ఆవిడకి అన్నం దొరికింది. దయ కలగకపోతే ఉప్పే. ఒక ఊరి మట్టి, నీళ్ళు, నోళ్ళు అన్నీ ఒక మనిషి మనసు ఎలా ఉందన్న దాని మీద ఆధారపడ్డాక, ఆ మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది రెండో ప్రశ్న. అంత ఆస్తి ఎవరి చేతిలోనూ ఉండకూడదు, మా తమ్ముడంత మంచివాడి చేతిలో కూడా. ఇది వాడికి చెబితే, "ఈర్ష్యతో అంటున్నావు" అనడు. అదీ నా ఖర్మ. "నిజమే అక్కా" అని తలూపి, ఇంకో ప్లాంటు కట్టిస్తాడు.

నిరుడు వాడు చెరువుల వ్యాపారమంతా వేరే రాష్ట్రం కంపెనీకి అమ్మేశాడు. ఆరోగ్యం బాగుండటం లేదు, ఇక చాలనుకున్నాడు. కొత్తవాళ్ళు వచ్చిన నెలకే తూర్పు చెరువులో నీళ్ళు నింపారు. వదిన వెళ్ళి అడిగితే, తెలుగు సరిగ్గా రాని మేనేజరు కాగితాలు తిరగేసి, ఈ చెరువు ఖాళీగా ఉంచాలని ఎక్కడా లేదన్నాడట.

తమ్ముడికి ఫోను చేశాను. "అగ్రిమెంటులో రాయించాల్సిందక్కా. నిజంగా గుర్తు రాలేదు" అన్నాడు. నిజంగానే రాలేదు. అన్ని ఆస్తుల్లో ఒక ఖాళీ చెరువు ఎవరికి గుర్తుంటుంది? "వదినగారికి గూడూరు దగ్గర మంచి మాగాణి కొనిపెడతాను, అడుగు" అన్నాడు. అడిగాను. "గూడూరులో నాకెవరున్నారే, చేలో పిచ్చుకలతో మాట్లాడుకోనా?" అంది వదిన.

ఆపైన రోగమొచ్చి రొయ్యలు చచ్చిపోవడంతో, కొత్త కంపెనీ కొందరికి కౌలు ఆపేసింది. అన్నాళ్ళూ వదినతో మాట్లాడనివాళ్ళే ఇప్పుడు ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. అందరూ కలిసి చెరువుల మీద ఫిర్యాదు చెయ్యడానికి అవనిగడ్డ రెవెన్యూ ఆఫీసుకి వెళ్తుంటే నేనూ బందరు నుంచి బస్సెక్కి వెళ్ళాను. లోపల అధికారి నన్ను చూసి, ఎక్కడో విని ఉంటాడు, "మీరు ఆయన అక్కగారు కదండీ?" అని లేచి నాకొక్కదానికే కుర్చీ తెప్పించాడు. నాకు ఒళ్ళు మండింది. వదిన రెక్క పుచ్చుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పు వదినా" అన్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, అరగంట ఆపకుండా చెప్పింది. ఆయన రాసుకున్నాడు, వచ్చి చూస్తానన్నాడు.

ఇంకా రాలేదు. వదిన మాత్రం ఈ ఏడూ ఊడ్పులు చేయించింది. ఎందుకు వదినా, మళ్ళీ మాడిపోతుంది కదా అంటే, "ఖాళీగా ఉంచితే చెరువు తవ్వుకోమన్నట్టుంటుంది" అంది. నిన్న ఫోను చేశాను. తూర్పు గట్టు వార కొసలు అప్పుడే ఎర్రబడుతున్నాయట.