ధర్సీవా చెరువుకు లాగుడు వల

రాయపూర్ వెళ్లాలనుకునేవాళ్లు విజయనగరంలో తెల్లవారకముందే ప్యాసింజరు ఎక్కితే చీకటి పడ్డాక దిగుతారు. ఎక్స్‌ప్రెస్ దొరికితే అదే మేలు. నేను ప్యాసింజరే ఎక్కాను. నా సామాను ఒక లాగుడు వల. దాన్ని రిజర్వేషన్ పెట్టెలో పెట్టనిచ్చేవాళ్లు కాదు.

నా చెల్లెలు రూతు రాయపూర్ పక్కనే ఉర్లాలో ఉంటుంది. మరిది ప్రభుదాసు అక్కడి ఫ్యాక్టరీలో వెల్డరు. ధర్సీవా దగ్గరి ఒక పల్లెలో ఆడవాళ్లతో కలిసి రూతు చెరువు కౌలుకు తీసుకుంది. వాళ్లే చేపపిల్లలు వదిలారు, మేత వేశారు, వంతులవారీగా కాపలా కాశారు. తీరా ఎండలు ముదిరి నీళ్లు నడుము లోతుకు దిగాక, వల ఉన్న మగవాళ్లు సగం చేప తమకిస్తేనే పడతామన్నారు.

"పొద్దున్న చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తన్నాయప్పా. ఇంకొన్నాళ్లాగితే చచ్చిపోతాయి. ఇంటికాడి వల తెచ్చీ" అంటూ రూతు ఫోన్లో ఏడ్చింది. మా వైపు అక్కను అప్పా అనే పిలుస్తాం.

భీమిలిలో మా అన్నయ్య వల ఇవ్వనన్నాడు. "ఆడోళ్లు దాటిన వలకి సేప పడదే" అన్నాడు. ఆ వలలో తెగిన ప్రతి కన్నూ కుట్టేది నేనే. ఒళ్లో వేసుకుని కుడితే పోని లక్ష్మి, దాటితే ఎలా పోతుందని అడిగాను. టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆయన తిరిగొచ్చేలోపు వలను గోనెసంచిలో కుక్కి బయలుదేరాను.

పార్వతీపురంలో ఇడ్లీ తిన్నాను. రాయగడ దాటాక ఎదుటి సీటు పెద్దాయన ముక్కు మూసుకున్నాడు.

"ఏంటమ్మా అది?"

"వలండీ."

"మీ ఆయన ఏ పెట్టెలో ఉన్నారు?"

"రాలేదండీ. వల మా చెల్లికి."

"ఆవిడకెందుకు వల?"

చేపలు పట్టడానికని చెప్పాను. ఆయన నమ్మలేదు. టిట్లాగఢ్‌లో ఆయన దిగిపోతే, కొత్తగా ఎక్కినవాళ్లు అవే ప్రశ్నలు హిందీలో మొదలుపెట్టారు. నిద్ర నటించాను. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు నీళ్లు ఎక్కువగా పట్టుకోండి. అక్కడినుంచి కిటికీలో వచ్చేది గాలి కాదు, సెగ.

రాయపూర్ స్టేషన్‌కు ప్రభుదాసు బైకు మీద వచ్చాడు. వల చూసి తల పట్టుకున్నాడు. "నిజంగానే తెచ్చీసినారా వదినా? మీరే దిగి లాగితే నలుగురూ నవ్వరా?"

"అయితే నువ్వు లాగు."

"నాకు డ్యూటీ ఉంది" అన్నాడు. వలనూ నన్నూ ఆటో ఎక్కించి తాను ముందు వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే రూతూ నేనూ బిలాస్‌పూర్ రోడ్డు మీద షేర్ ఆటోలో ధర్సీవా చేరి, అక్కడినుంచి పల్లెకు నడిచాం. చీరలు బిగించి కట్టుకుని ఆడవాళ్లు గట్టున నిలబడి ఉన్నారు. వాళ్లలో పెద్దది సుక్‌వారో బాయి. మొగుడు పట్టిన చేపను బజార్లో అమ్ముతూనే ముసలిదైంది. నీళ్లలో దిగి వల పట్టడం ఆమెకూ ఇదే మొదలు. అవతలి గట్టు మీద సర్పంచ్, అతని చుట్టూ మగవాళ్లు గుట్కా నములుతూ కూర్చున్నారు.

మొదటిసారి లాగితే ఏమీ పడలేదు. బురదలో మా కాళ్లు దిగబడి వల అడుగు పైకి లేచింది. చేపలన్నీ కిందనుంచి జారుకున్నాయి. ఖాళీ వల ఒడ్డుకు రాగానే మగవాళ్లు చప్పట్లు కొట్టారు. రూతు మొహం పాలిపోయింది. నాకు ఒళ్లు మండింది. వల కుట్టడం తెలుసు గానీ లాగడం నాకెవరు నేర్పారు?

సుక్‌వారో బాయి మాత్రం వాళ్ల వైపు చూడలేదు. "ఫేర్ ఖీంచబో" అంది. మళ్లీ లాగుదాం అని.

ఈసారి ఇద్దరిద్దరం నడిచాం. ఒకరు పైతాడు పట్టుకుంటే, పక్కనున్నవారు అడుగుతాడును కాలితో నేలకు అదిమిపెట్టారు. సగం చెరువు దాటేసరికి మోకాళ్లకు చేపలు తగలడం మొదలైంది. తర్వాత నీళ్లే ఉడికినట్టయింది. రోహు చేపలు వల మీదుగా ఎగిరి రూతు మొహాన కొట్టాయి. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఒడ్డుకు లాగేసరికి మా అరచేతులు ఒలిచినట్టయ్యాయి. చప్పట్లు కొట్టడానికి ఇప్పుడెవరికీ చేతులు రాలేదు.

ఇంతా అయ్యాక వ్యాన్ వేసుకుని వ్యాపారి వచ్చాడు. తడిసి ముద్దయి చేపల పక్కన నిలబడ్డ మమ్మల్ని దాటుకుని, తిన్నగా సర్పంచ్ దగ్గరకు వెళ్లి రేటు అడిగాడు. సర్పంచ్ సిగ్గుపడకుండా బేరం మొదలుపెట్టాడు!

"భయ్యా, మాల్ మాది. మాతో బాత్ చెయ్" అని రూతు తనకొచ్చిన హిందీలో అరిచింది.

"ఇంటి మగాణ్ణి పిలువు" అన్నాడతను.

సుక్‌వారో బాయి వెళ్లి చేపల గంప మీద చతికిలబడింది. మిగతా గంపల మీద మిగతావాళ్లం కూర్చున్నాం. ఎండెక్కుతోంది, వ్యాన్‌లో మంచు కరిగి రోడ్డు మీదకు కారుతోంది. చివరికి ఆ మనిషి విసుక్కుంటూ వచ్చి సుక్‌వారో బాయి ఎదుట గొంతుకూర్చున్నాడు. ఇన్నేళ్లూ బజార్లో బేరమాడిన మనిషి ఆమె. అతనికి పట్టపగలే చుక్కలు చూపించింది.

వల వాళ్లకే వదిలేసి మర్నాడు తిరుగు రైలెక్కాను. మహాసముంద్ దాటుతుండగా రూతు ఒక ఫోటో పంపింది. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. సర్పంచ్, మరో ముగ్గురు పెద్ద కట్ల చేపను ఎత్తి పట్టుకున్నారు. కింద హిందీలో 'మన మత్స్యకార సోదరుల కష్టఫలం' అని రాసి ఉంది. నేను వెంటనే ఫోన్ చేశాను.

"ఊరుకున్నావా?"

"ఎందుకూరుకుంటానప్పా? మనం వల లాగతన్నప్పుడు గట్టు మీద పిల్లలు తీసిన ఫోటోలన్నీ అదే గ్రూపులో పెట్టీసినాను. ఇందాక సర్పంచ్ పెళ్లాం ఫోన్ చేసింది. వచ్చేసారి తననీ మనలో కలుపుకోమంది."

"మంచిదే కదా!"

"మంచిదే. 'మా ఆయనకి మాత్రం చెప్పకండి' అంది."

ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. చెరువుకు కావలసింది వల, నడుములో సత్తువ. ఆ రెండూ మాకున్నాయి. ఇక ఈ మొగుళ్లకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, ఎవరి పరువు ఎక్కడ కాపాడాలో అన్న చాకిరీ కూడా మా నెత్తినే పడింది. చెరువు కౌలుకైతే గడువుంది, ఈ చాకిరీకి లేదు.

"రమ్మను" అన్నాను రూతుతో. "వచ్చేటప్పుడు మొగుడికి చెప్పే రమ్మను."