తియ్యని నవ్వు

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను నవ్వేవాణ్ణి. వాటిని నమ్మడానికి వీల్లేని ఉద్యోగం నాది. ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌ని. దెయ్యం కేక ఏ డబ్బాలో ఉందో, దాని చీర ఎగరడానికి ఫ్యాను ఎటువైపు పెట్టారో తెలిసినవాడికి ఇంక భయమేముంటుంది?

మా అక్క సరోజ జూనియర్ ఆర్టిస్టు. అమ్మానాన్నా పోయాక బందరు నుంచి వచ్చి ఇద్దరం కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. అక్కకి దెయ్యం సినిమాల పిచ్చి. ఎందుకంత ఇష్టమని ఒకసారి అడిగాను.

"బతికుండగా మన మాట ఎవడూ వినడురా. దెయ్యమయ్యాక అందరూ నోరు మూసుకుని వింటారు. అది చూస్తుంటే హాయిగా ఉంటుంది" అంది.

నా అభిప్రాయం వేరు. మ్యాట్నీ వదిలాక హాలు గేటు దగ్గర నిలబడి చూడండి. లోపల కళ్లు మూసుకుని పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నవాళ్లంతా ఎండలోకి రాగానే ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. మనకేం కాలేదన్న నవ్వు అది. జనం టిక్కెట్టు కొని మరీ భయపడేది దానికోసమే.

సినిమావాళ్లకీ అలాంటి ఆనవాయితీ ఒకటి ఉంది. శవంగా నటించినవాళ్లని షాట్ అవగానే లేపి, కెమెరా నడుస్తుండగా ఒకసారి నవ్విస్తారు. ఆ ముక్కని సినిమాలో వాడరు. చావు నిజంగా అంటుకోకుండా తీసే షాట్ అది.

ఎనభైల చివర్లో జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో తీస్తున్న దెయ్యం సినిమాలో అక్కకి శవం వేషం వచ్చింది. ఆ సినిమా ఎడిటింగ్ మా దగ్గరే. ఆ రోజు పని లేక నేనూ షూటింగ్‌కి వెళ్లాను. వెలుగు పోతోందని డైరెక్టర్ చిరాకుగా ఉన్నాడు. షాట్ అవగానే అక్క లేచి నవ్వు షాట్ తియ్యమని అడిగింది. ఆయన వినిపించుకోలేదు. అక్క చేతులు జోడించింది.

"నీ నవ్వు ఎవడిక్కావాలమ్మా? లేచి పక్కకెళ్లు" అన్నాడు.

యూనిట్ అంతా నవ్వింది. ఉద్యోగం పోతుందని నేను నోరు మెదపలేదు.

నెల తిరక్కుండానే అక్క కామెర్లతో పోయింది. కామెర్లకీ ఆ షాట్‌కీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా ఆయన్ని క్షమించలేదు. ఆ సినిమా మట్టికొట్టుకుపోవాలని రోజూ కోరుకుంటూనే నా చేతులతో దాన్ని అతికించాను. అక్క మొహం ఉన్న ముక్క కూడా.

సినిమా విడుదలైన రోజు మ్యాట్నీకి వెళ్లాను. మ్యూజిక్ ఆగింది, తెర నిండా అక్క మొహం. జనం గుండెలు పట్టుకోవలసిన చోటు అది. హాలు హాలంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఏ సీనుకీ ఎవరూ భయపడలేదు. మర్నాడూ అంతే.

ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ నన్ను పక్కకి పిలిచాడు. "అందరు గా శవం నవ్వుతున్నదంటున్రు సార్. నాకైతె ఏం కనిపిస్తలేదు" అన్నాడు.

నాకూ కనిపించలేదు. రీలు దింపించి ఆ షాట్‌ని ఒక్కో ఫ్రేమూ వెలుతురులో పెట్టి చూశాను. మూసిన కళ్లు, బిగించిన పెదాలు, అంతే.

ఆ షాట్ తీసేయమన్నాడు డైరెక్టర్. మర్నాడు ఉదయం ఆటకి ముందు ప్రొజెక్షన్ గదిలో కూర్చుని నేనే కోసేశాను. ఆ ముక్కని జేబులో పెట్టుకుని హాల్లో కూర్చున్నాను. ఆ చోటు వచ్చింది. ఇప్పుడు తెర మీద ఉన్నది ఖాళీ వరండా మాత్రమే. హాలు మళ్లీ నవ్వింది, సరిగ్గా అక్కడే, అంతే గట్టిగా. నాకు మొదటిసారి భయం వేసింది. నిజం చెప్పాలంటే, ఆ భయంలో సంతోషం కూడా ఉంది.

వారం తిరిగేసరికి సినిమా ఎత్తేశారు. ఒక మధ్యాహ్నం డైరెక్టర్ మా ఎడిటింగ్ రూమ్‌కి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఇంట్లో కూర్చున్నా ఆ నవ్వే వినిపిస్తోందని, నిద్ర లేదని చెప్పాడు. నా మొహమైనా ఎన్నడూ చూడనివాడు, నేను సరోజ తమ్ముణ్ణని ఎవరో చెప్పగా తెలిసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"మీ అక్క నవ్వుతున్న ఫొటో ఏదైనా ఉందా బాబూ? తెచ్చివ్వు. కెమెరా పెట్టి తీయిస్తాను. ఆవిడకి నేను చెయ్యవలసింది చేసేస్తాను."

ఫొటో నా పర్సులోనే ఉంది. అక్క పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది అందులో.

"లేదండీ" అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయాడు. మళ్లీ సినిమా తియ్యలేదు.

లేని షాట్‌కి అంతమంది ఎందుకు నవ్వారో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. ఆయన మీద అప్పుడూ జాలి లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ రోజు ఫొటో ఇచ్చి ఉంటే అక్క అడిగింది అక్కకి దక్కేది. రెండోసారి దక్కకుండా చేసింది నేనే.