ఆరు రంధ్రాల లెక్క

మా ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఎదుటివాళ్ళు ముందుకు వంగి వినాల్సినంతగా తగ్గుతుంది. ఆ గొంతుతో "మళ్ళీ తప్పావు" అనేవాడు. సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటు బాంబ్ షెల్టర్‌లో, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, రెండేళ్ళు ఆ మాట విన్నాను.

ఇక్కడి ఫ్లాట్లలో ఉండే, ఇనుప తలుపున్న ఆ చిన్న గదిలో అందరూ బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పెట్టుకుంటారు. మాకు మాత్రం అందులో లోహం కోసే మిల్లింగ్ మెషీన్ ఉండేది. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఆయనకు ఇత్తడితో గోడ గడియారం సొంతంగా తయారు చెయ్యాలన్న పిచ్చి పట్టుకుంది. గడియారానికి గేర్లు కావాలి. గేరు పళ్ళన్నీ ఒకే కొలతలో రావాలంటే, ఒక్కో పన్ను కోశాక ఇత్తడి బిళ్ళను సరిగ్గా అంతే తిప్పాలి. అందుకే రోటరీ టేబుల్ కొన్నాడు. దాని హ్యాండిల్ వెనక ఒక గుండ్రటి ప్లేటు ఉంటుంది, నిండా వరసలు వరసలుగా రంధ్రాలు. హ్యాండిల్‌కు ఉన్న పిన్నును ఒక రంధ్రంలోంచి లాగి, తిప్పి, ఇంకో రంధ్రంలో దించాలి. ముప్పై మూడు పళ్ళ గేరుకైతే ప్రతి పన్నుకూ రెండు నిండు చుట్లు, ఆపైన ఆరు రంధ్రాలు. తిప్పడం ఆయన పని, లెక్కపెట్టి ఏ రంధ్రమో చూపించడం నా పని.

"లెక్కల టీచరువి కదా, రా," అని మొదటిసారి నవ్వుతూ పిలిచాడు. మురిసిపోతూ వెళ్ళాను. విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినదాన్ని. ఆయన ఉద్యోగం కోసం అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చాక ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే చాలు, ప్రాణం లేచొచ్చేది.

పూర్తయిన గేరును దీపం కింద తిప్పి చూసేవాడు. ఎక్కడో ఒకచోట ఒక పన్ను సన్నగా, దాని పక్కది లావుగా వచ్చేది. ఖరీదైన ఇత్తడి చెత్తబుట్టలోకి పోయేది. "మళ్ళీ తప్పావు." మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటానంటే ప్లేటు పాడవుతుందన్నాడు. అగరొత్తి పుల్లతో ఒక్కో రంధ్రాన్నీ తాకుతూ, పెదాలు కదుపుతూ, ఒకటో తరగతి పిల్లలా లెక్కపెట్టేదాన్ని. అయినా పన్ను సన్నగా వచ్చేది. ఆ గదిలో ఫ్యాను కూడా లేదు. చెమట కళ్ళల్లోకి దిగేది, అందుకే తప్పుతున్నానేమో అనుకునేదాన్ని.

భోజనాలకు స్నేహితులు వస్తే ఆయనకు నేనే కాలక్షేపం. "మా లెక్కల మేడంకి ఫైవ్ దాటితే కొంచెం డౌటండీ," అనేవాడు. అందరూ నవ్వేవారు. పులిహోర వడ్డిస్తూ నేనూ నవ్వేదాన్ని. అది విని విని మా అమ్మాయి ఒకరోజు ఇక్కడి పిల్లల యాసలో "మమ్మీ కెనాట్ కౌంట్ లా" అని, మ్యాథ్స్ హోంవర్క్ తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక్కడే స్థిరపడడానికి పీఆర్ వచ్చాక, ఆయనకు చెప్పకుండా జురాంగ్ వెస్ట్‌లో ఒక ట్యూషన్ సెంటర్‌కు వెళ్ళాను. సెకండరీ పిల్లలకు పాఠం చెప్పి చూపించమన్నారు. చెప్పాను. సోమవారం నుంచి రమ్మన్నారు. ఇంటికి వచ్చి సంతోషం పట్టలేక ఆయనకు చెప్పేశాను.

"సిక్స్ హోల్స్ కౌంట్ చెయ్యలేవు, సెకండరీ మ్యాథ్స్ చెప్తావా?" అన్నాడు. కోపంగా కాదు, జాలిగా. "ఇక్కడి పేరెంట్స్ ఊరుకోరు. తప్పు చెప్పావంటే పరువు పోద్ది. ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. నిజమే కదా అనిపించింది. శుక్రవారం పొద్దున్నే సెంటర్‌కు ఫోన్ చేసి, ఒంట్లో బాగాలేదు, రాలేనని చెప్పేశాను.

మర్నాడు సెంబవాంగ్‌లో ఒక అంకుల్ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. షిప్‌యార్డులో పనిచేసి రిటైరయిన తెలుగాయన. మా రోటరీ టేబుల్ మా ఆయన ఈ అంకుల్ దగ్గరే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అంకుల్ కొత్తగా కొనుక్కున్న టేబుల్ చూపించడానికి మమ్మల్ని పిలిచారు. దాని రంధ్రాల ప్లేటు మీద గడియారం ముళ్ళలాంటి రెండు ఇత్తడి పుల్లలున్నాయి.

"ఇవేంటి అంకుల్?" అని అడిగాను.

"సెక్టార్ ఆర్మ్స్ అమ్మా. ఎన్ని హోల్స్ కావాలో ఒక్కసారి సెట్ చేసి స్క్రూ బిగించేస్తే చాలు. ఇక జరుపుకుంటూ పోవడమే. లేకపోతే ప్రతిసారీ ఎవడు కూర్చుని లెక్కపెడతాడు?" అని మా ఆయన వైపు తిరిగారు. "నీకిచ్చినదానికి ఆ స్క్రూ కొంచెం లూజుగా ఉండేది. మార్చావా?"

"మార్చాను అంకుల్," అన్నాడు మా ఆయన, టీ తాగుతూ.

మా టేబుల్‌కు అలాంటి పుల్లలు నేనెప్పుడూ చూడలేదు. అంకుల్ చెప్తూనే ఉన్నారు. "ఒక్కటే జాగ్రత్త. హ్యాండిల్ హోల్ దాటిపోయిందనుకో, ఊరికే కొంచెం వెనక్కి లాగి పిన్ను దించెయ్యకూడదు. లోపల గేర్ల మధ్య ప్లే, అదే కొంచెం సందు, ఉంటుంది కదా, టేబుల్ కదలదు. బాగా వెనక్కెళ్ళి మళ్ళీ ముందుకు రావాలి. లేకపోతే ఒక పన్ను సన్నబడిపోద్ది."

"తెలుసంకుల్," అన్నాడు.

మా ఆయన అలా దాటిపోయి, విసుగ్గా కొంచెం వెనక్కి లాగి పిన్ను దించడం నేను ఎన్నిసార్లు చూశానో. అది తప్పని నాకు తెలియదు. నా పని రంధ్రాలే.

తిరిగి వస్తూ ట్రైన్‌లో అడిగాను. "మన టేబుల్‌కున్న ఆ పుల్లలు ఎందుకు తీసేశారండీ?"

"ఇంట్లో ఊరికే కూర్చుంటావని. నీకూ ఏదో ఒక పని ఉండాలిగా," అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"మరి తప్పు నాదని ఎందుకన్నారు?"

"ఎవరిదైతే ఏంటి? గేరు పోయింది కదా."

ఆ నిమిషంలో ఆయన్ని ఎంత అసహ్యించుకున్నానంటే నాకే భయమేసింది. పక్కన కూర్చున్న చైనీస్ ముసలావిడ నా మొహం చూసి కొంచెం అటు జరిగింది.

సోమవారం సెంటర్ తెరవగానే ఫోన్ చేశాను. ఆ మేడం చాలా మర్యాదగా మాట్లాడింది. శనివారమే ఇంకొకరిని తీసుకున్నామని చెప్పింది. ఒంట్లో ఎలా ఉందని రెండుసార్లు అడిగింది. బాగానే ఉందన్నాను.

ఆ వారాంతంలో మా ఆయన అలమారా అడుగు నుంచి ఒక డబ్బా తీసి, ఆ రెండు పుల్లలూ టేబుల్‌కు బిగించుకున్నాడు. "ఇక నువ్వు రానక్కర్లేదు," అని ఇనుప తలుపు మూసుకున్నాడు. హాల్లో కూర్చుని బట్టలు మడతపెడుతూ మెషీన్ చప్పుడు విన్నాను. అంతా అయ్యాక గేరు పట్టుకుని బయటికొచ్చాడు. ఒక పన్ను సన్నగా ఉంది, పక్కది లావుగా.

"లోపలికెళ్ళి ఏమన్నా కదిపావా?" అన్నాడు.

"లేదు," అన్నాను. "ఈ పన్ను వల్లే నా ఉద్యోగం పోయింది."

ఆయన గేరును కిటికీ వెలుతురుకు పెట్టి ఆ పన్నునే చూస్తున్నాడు.

"ఏ ఉద్యోగం?" అని అడిగాడు.

వెక్కిరింపు కాదు. నిజంగానే గుర్తులేదు.